సున్నం కుండ నుంచి సమీకరణం దాకా: రసాయన చర్యను అర్థం చేసుకుని తుల్యం చేసే పద్ధతి

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె. సంక్రాంతి దగ్గర పడుతుంటే ఇంటింటా గోడలకు వెల్ల వేసేవారు. మా మామ్మ పెద్ద మట్టికుండలో సగం దాకా నీళ్లు పోసి, గుల్ల సున్నం ముద్దలు ఒక్కొక్కటీ అందులో వదిలేది. ఒక్క క్షణం ఏమీ జరిగేది కాదు. ఆ తరవాత ముద్ద చిటపటమని పగిలేది, నీళ్లు కుతకుత ఉడికేవి, ఆవిరి లేచేది. "దగ్గరికి రాకు గుంటా, కళ్లల్లో పడితే చూపు పోతాది" అని మామ్మ కేకలేసేది. కాసేపటికి కుండను బయట నుంచి ముట్టుకున్నా చెయ్యి చుర్రుమనేది. కింద పొయ్యి లేదు, నిప్పు లేదు. మరి ఆ వేడి ఎక్కడిది?

ఇప్పుడు విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు పదో తరగతి పిల్లలకు భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. సమీకరణాలు తుల్యం చేయమనగానే, అంటే రెండు పక్కలా పరమాణువుల లెక్క సమానం చేయమనగానే, చాలామంది పిల్లలకు టెన్షన్. ముందూ వెనకా ఏవో అంకెలు పెట్టి, కలిస్తే సరి అనుకుంటారు. నేను మాత్రం ప్రతి ఏడూ ఆ కుండ దగ్గర నుంచే మొదలుపెడతాను. సమీకరణం అంటే అంకెల పజిల్ కాదు, జరిగిన పనికి రాసుకున్న పద్దు. ఏం జరిగిందో కళ్లకు కడితే అంకెలు వాటంతట అవే దారిలో పడతాయి.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది రసాయన చర్యేనా?

నౌపడ ఉప్పు మళ్లు చూసే ఉంటారు. సముద్రపు నీరు మడిలోకి వస్తుంది, ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. చూడ్డానికి పెద్ద మార్పే, కానీ కొత్త పదార్థం ఏదీ పుట్టలేదు. నీటిలో ఉన్న ఉప్పే బయటపడింది. మళ్లీ నీళ్లలో వేస్తే మళ్లీ కరుగుతుంది. ఇది భౌతిక మార్పు.

బుడితి ఇత్తడి సామాను సంగతి తీసుకోండి. రాగి, జింకు కరిగించి కలిపితే ఇత్తడి. అది మిశ్రమలోహం. అందులో రాగి, జింకు ఇంతకు ఇంత అనే ఒకే ఒక్క నిష్పత్తి లేదు, కాబట్టి దానికి నీటికి ఉన్నట్టు ఒక ఫార్ములా రాయలేం. అదే ఇత్తడి చెంబు నాలుగు నెలలు అటక మీద పడి ఉంటే నల్లబడుతుంది. చింతపండు పెట్టి తోమితే మళ్లీ మెరుస్తుంది. ఆ నలుపు పట్టడం రసాయన చర్య. చింతపండులోని ఆమ్లం ఆ నలుపును కరిగించడమూ రసాయన చర్యే.

వేడి పుట్టడం, రంగు మారడం, బుడగలు రావడం, వాసన మారడం, అడుగున అవక్షేపం దిగడం గుర్తులని పుస్తకంలో చదువుతాం. అవి గుర్తులే గానీ రుజువులు కావు. నీళ్లు మరిగినా బుడగలు వస్తాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ముందు లేని పదార్థం ఇప్పుడు ఉందా? సున్నం కుండలో ఉంది. ముద్దగా వేసింది వేరు, కుండలో మిగిలిన తెల్లటి తేట, అడుగున ఉన్న మెత్తటి ముద్ద వేరు.

వంద కిలోల గవ్వల కథ

తీరంలో గవ్వలు, ఆల్చిప్పలు ఏరి బట్టీలో కాల్చి గుల్ల సున్నం చేయడం పాత పని. ఆ పనిలో వరసగా మూడు చర్యలున్నాయి. ఈ మూడూ పట్టుబడితే సగం పాఠం వచ్చినట్టే.

సంకేతాలను క్లాసులో నోటితో ఎలా పలుకుతామో అలాగే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. హైడ్రోజన్ హెచ్, ఆక్సిజన్ ఓ, కార్బన్ సీ, కాల్షియం సీఏ. మీ నోట్సులో మామూలు సంకేతాలతో రాసుకుంటూ చదవండి.

గవ్వలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి అది విడిపోతుంది.

సీఏసీఓ₃ → సీఏఓ + సీఓ₂

మిగిలిన సీఏఓ పొడి సున్నం. దాన్నే మామ్మ కుండలో వేసింది.

సీఏఓ + హెచ్₂ఓ → సీఏ(ఓహెచ్)₂

ఈ చర్య జరిగేటప్పుడు వేడి బయటికొస్తుంది. పొయ్యి లేకుండా కుండ ఉడకడానికి కారణం అదే. ఇలాంటి చర్యను ఉష్ణమోచక చర్య అంటాం. బట్టీలో జరిగింది దీనికి ఎదురు. వేడి ఇస్తేనే జరుగుతుంది కాబట్టి అది ఉష్ణగ్రాహక చర్య.

గోడకు పూసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుంటుంది.

సీఏ(ఓహెచ్)₂ + సీఓ₂ → సీఏసీఓ₃ + హెచ్₂ఓ

అంటే గోడ మీద మళ్లీ గవ్వలో ఉన్న పదార్థమే తయారైంది. వెల్ల వేసిన రోజు వేలికి అంటుకునే గోడ, రోజులు గడిచేకొద్దీ గట్టిపడేది ఇందుకే.

ఇప్పుడు తూకం చూద్దాం. కాల్షియం పరమాణు భారం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1. గవ్వలన్నీ శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ అనుకుంటే, 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడి సున్నం వస్తుంది. మిగతా 44 కిలోలు పోలేదు, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసింది. ఆ 56 కిలోలు 18 కిలోల నీటిని పట్టుకుని 74 కిలోల తడి సున్నం అవుతుంది. గోడ మీద ఆ 74 కిలోలు 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని 18 కిలోల నీటిని వదిలేస్తుంది. 74 కి 44 కలిపి 18 తీస్తే ఎంత? మళ్లీ 100!

బోర్డు మీద ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఫ్రాన్స్‌లో లావోయిజర్ అనే శాస్త్రవేత్త మూసిన పాత్రల్లో చర్యలు జరిపి, ముందూ వెనకా తూచి తూచి చూశాడు. చర్యలో ద్రవ్యరాశి పుట్టదు, నశించదు అని 1789లో తన పుస్తకంలో స్పష్టంగా రాశాడు. అదే ద్రవ్యనిత్యత్వ నియమం. మనం సమీకరణాన్ని తుల్యం చేసేది ఈ నియమం కోసమే. బాణానికి ఎడమ పక్క ఉన్నవి క్రియాజనకాలు, కుడి పక్క ఉన్నవి క్రియాజన్యాలు. ఎడమ పక్క ఎన్ని పరమాణువులుంటే కుడి పక్కా అన్నే ఉండాలి. పరమాణువులు చేతులు మారతాయి గానీ మాయం కావు.

దేన్ని మార్చవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు

నీరు తయారయ్యే చర్య తీసుకుందాం.

హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ

ఎడమ పక్క ఆక్సిజన్లు 2, కుడి పక్క 1. ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఆ ఓ కింద కూడా రెండు పెట్టేత్తే సరిపోద్ది కదండి?" అంది. హెచ్₂ఓ₂ అని రాస్తే లెక్క నిజంగానే సరిపోతుంది. కానీ హెచ్₂ఓ₂ నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు కడిగితే నురగ కట్టే మందు అది. తాగేది కాదు. ఒక్క చిన్న అంకె మార్చేసరికి పదార్థమే మారిపోయింది.

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేదు. ఆ ప్రశ్న వల్లే ఆ రోజు క్లాసు మొత్తానికి అసలు విషయం తెలిసింది. అక్షరం కింద ఉన్న చిన్న అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది. దాన్ని ముట్టుకోకూడదు. ఫార్ములా ముందు పెట్టే పెద్ద అంకె గుణకం. అది ఆ పదార్థం ఎన్ని అణువులో చెబుతుంది. మనం మార్చగలిగేది దాన్నొక్కదాన్నే.

హెచ్₂ఓ ముందు 2 పెడితే కుడి పక్క ఆక్సిజన్లు 2 అవుతాయి. కానీ ఆ 2 మొత్తం అణువుకు వర్తిస్తుంది కాబట్టి హైడ్రోజన్లు 4 అయ్యాయి. ఎడమ పక్క హైడ్రోజన్ ముందు కూడా 2 పెట్టాలి.

2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ

ఎవరైనా 4, 2, 4 అని పెట్టినా లెక్క కలుస్తుంది. అయినా అన్నింటినీ 2తో భాగించి అతి చిన్న పూర్ణాంకాల్లో రాయడం పద్ధతి.

అసలు పని: వరస క్రమం

నేను పిల్లలతో చేయించే వరస ఇది.

1. ముందు మాటల్లో రాయండి. ఏం కలిసింది, ఏం పుట్టింది.
2. ఫార్ములాలు సరిగ్గా రాయండి. ఇక్కడ తప్పితే ఆ తరవాత ఎంత కష్టపడినా లాభం లేదు. తుల్యం కావడం లేదని గంట సేపు తల పట్టుకునే పిల్లల నోట్సు చూస్తే, తరచూ ఫార్ములాలోనే తప్పుంటుంది.
3. కింద ఒక పట్టిక గీసి, ఒక్కో మూలకం ఎడమ ఎన్ని, కుడి ఎన్ని అని వేయండి.
4. రెండు పక్కలా ఒక్కో పదార్థంలోనే ఉన్న మూలకంతో మొదలుపెట్టండి. విడిగా మూలకంగా ఉన్నదాన్ని, ఉదాహరణకు ఓ₂ని, చివరికి వదిలేయండి.
5. గుణకం మార్చిన ప్రతిసారీ పట్టికను తిరిగి వేయండి.
6. చివర మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి.

పెన్సిల్‌తో చేయండి. ఒక్క దెబ్బకు రావాలన్న పట్టుదల వద్దు. చెరిపి మళ్లీ వేయడం ఈ పనిలో భాగమే.

మన మాంగనీస్‌తో ఒక లెక్క

చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు నల్లటి మాంగనీస్ ఖనిజం మనకు కొత్త కాదు. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వెలిసింది ఈ నేల వల్లే. ఫ్యాక్టరీ కొలిమిలో ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేయడానికి బొగ్గు నుంచి చేసే కోక్ వాడతారు. కోక్‌కు బదులు అల్యూమినియం పొడి కూడా ఆ పని చేయగలదు. లెక్కకు అదే మంచి ఉదాహరణ. మాంగనీస్ సంకేతం ఎంఎన్, అల్యూమినియం ఏఎల్.

ఎంఎన్ఓ₂ + ఏఎల్ → ఎంఎన్ + ఏఎల్₂ఓ₃

ఆక్సిజన్లు ఎడమ 2, కుడి 3. ఒకటి సరి సంఖ్య, ఒకటి బేసి సంఖ్య. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 2, 3ల క.సా.గు. ఎంత? 6. అంటే రెండు పక్కలా ఆక్సిజన్ 6 కావాలి. ఎడమ పక్క 3 పెడితే 3 × 2, కుడి పక్క 2 పెడితే 2 × 3.

3ఎంఎన్ఓ₂ + ఏఎల్ → ఎంఎన్ + 2ఏఎల్₂ఓ₃

ఇక మాంగనీస్ ఎడమ 3, కాబట్టి కుడి 3. అల్యూమినియం కుడి 4, కాబట్టి ఎడమ 4.

3ఎంఎన్ఓ₂ + 4ఏఎల్ → 3ఎంఎన్ + 2ఏఎల్₂ఓ₃

ఐదో తరగతిలో నేర్చుకున్న క.సా.గు. ఇక్కడ పనికొచ్చింది. ఇందులో మాంగనీస్ డయాక్సైడ్ ఆక్సిజన్‌ను పోగొట్టుకుంది, అంటే క్షయకరణం చెందింది. అల్యూమినియం ఆక్సిజన్‌ను తీసుకుంది, అంటే ఆక్సీకరణం చెందింది. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి.

గ్యాస్ పొయ్యి లెక్క

వంట గ్యాస్‌లో ఉండేవి ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. బ్యూటేన్ మండే చర్యను నెమ్మదిగా చేద్దాం.

సీ₄హెచ్₁₀ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

మండే పదార్థాలకు నేను చెప్పే వరస: ముందు కార్బన్, తరవాత హైడ్రోజన్, చివర ఆక్సిజన్. ఆక్సిజన్ కుడి పక్క రెండు చోట్ల ఉంది కాబట్టి ముందే దాని జోలికి పోతే చిక్కు.

కార్బన్ ఎడమ 4. కుడి పక్క సీఓ₂ ముందు 4. హైడ్రోజన్ ఎడమ 10. నీటిలో రెండేసి ఉంటాయి కాబట్టి నీటి ముందు 5. ఇక ఆక్సిజన్. కుడి పక్క 4 × 2 = 8, దానికి 5 కలిపితే 13. ఎడమ పక్క ఆక్సిజన్ జంటలుగానే వస్తుంది. 13 కావాలంటే ఆరున్నర అణువులు కావాలి.

సీ₄హెచ్₁₀ + 6½ఓ₂ → 4సీఓ₂ + 5హెచ్₂ఓ

ఇక్కడ బెదిరిపోయి మొత్తం కొట్టేయకండి. సగం వచ్చిందంటే మీరు తప్పు చేసినట్టు కాదు, గమ్యానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నట్టు. అన్నింటినీ 2తో గుణించండి.

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

సరిచూద్దాం: కార్బన్ 8, 8. హైడ్రోజన్ 20, 20. ఆక్సిజన్ 26, కుడి 16 + 10 = 26.

ఈ అంకెలు పరీక్ష కోసమే అనుకోవద్దు. బ్యూటేన్ అణుభారం 58, రెండైతే 116. ఆక్సిజన్ అణుభారం 32, పదమూడైతే 416. అంటే 116 గ్రాముల బ్యూటేన్ పూర్తిగా మండాలంటే 416 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఒక కిలో గ్యాస్‌కు మూడున్నర కిలోల పైమాటే. మన ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నదంతా బ్యూటేనే అనుకుంటే దాదాపు 51 కిలోల ఆక్సిజన్. అదంతా మన వంటింటి గాలిలోంచే రావాలి. కిటికీలు బిగించుకుని వంట చేయవద్దనేది అందుకే. ఆక్సిజన్ చాలకపోతే ఇలా జరుగుతుంది:

2సీ₄హెచ్₁₀ + 9ఓ₂ → 8సీఓ + 10హెచ్₂ఓ

సీఓ అంటే కార్బన్ మోనాక్సైడ్, వాసన లేని విషవాయువు. నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా మారి గిన్నెల అడుగున మసి పడుతోందంటే గ్యాస్ సరిగ్గా మండడం లేదని అర్థం. బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి. తలుపులు, కిటికీలు తెరవండి.

బ్రాకెట్లు వచ్చినప్పుడు

ఏఎల్(ఓహెచ్)₃ + హెచ్₂ఎస్ఓ₄ → ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + హెచ్₂ఓ

ఇలాంటివి చూడగానే పిల్లలు ఆక్సిజన్లు ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంటారు. అక్కర్లేదు. ఎస్ అంటే సల్ఫర్, హెచ్₂ఎస్ఓ₄ అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఎస్ఓ₄ అంటే సల్ఫేట్. అది రెండు పక్కలా చెక్కుచెదరకుండా ఉంది, కాబట్టి దాన్ని విప్పని మూటలా ఒక్కటిగా లెక్కపెట్టండి. కుడి పక్క మూడు మూటలున్నాయి, ఎడమ ఆమ్లం ముందు 3 పెట్టండి. అల్యూమినియం కుడి 2, ఎడమ 2 పెట్టండి. ఇక నీటిని హెచ్-ఓహెచ్ అని ఊహించుకోండి. ఎడమ పక్క ఓహెచ్‌లు 2 × 3 = 6. ఆమ్లం నుంచి హెచ్‌లు 3 × 2 = 6. ఆరూ ఆరూ కలిస్తే ఆరు నీటి అణువులు.

2ఏఎల్(ఓహెచ్)₃ + 3హెచ్₂ఎస్ఓ₄ → ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + 6హెచ్₂ఓ

మూట విడిపోయి వేరే రూపంలోకి మారిన చర్యల్లో మాత్రం ఈ కిటుకు పనికిరాదు. అప్పుడు ఒక్కొక్క పరమాణువునూ లెక్కపెట్టాల్సిందే.

మొండి సమీకరణానికి బీజగణితం

1774లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే మాంగనీస్ డయాక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి క్లోరిన్ వాయువును తయారుచేశాడు. క్లోరిన్ సంకేతం సీఎల్.

ఎంఎన్ఓ₂ + హెచ్‌సీఎల్ → ఎంఎన్‌సీఎల్₂ + హెచ్₂ఓ + సీఎల్₂

క్లోరిన్ విషవాయువు, ఇది ఇంట్లో చేసి చూసే ప్రయోగం కాదు. కాగితం మీదే చేద్దాం. ఐదు పదార్థాల ముందు వరసగా క, ఖ, గ, ఘ, చ అని పెట్టండి. ఒక్కో మూలకానికి ఒక సమీకరణం వస్తుంది.

మాంగనీస్: క = గ
ఆక్సిజన్: 2క = ఘ
హైడ్రోజన్: ఖ = 2ఘ
క్లోరిన్: ఖ = 2గ + 2చ

క = 1 అనుకోండి. అప్పుడు గ = 1, ఘ = 2, ఖ = 4. చివరిదాంట్లో 4 = 2 + 2చ, కాబట్టి చ = 1.

ఎంఎన్ఓ₂ + 4హెచ్‌సీఎల్ → ఎంఎన్‌సీఎల్₂ + 2హెచ్₂ఓ + సీఎల్₂

నాలుగు హెచ్‌సీఎల్‌లలో రెండింటి క్లోరిన్ మాంగనీస్‌తో ఉండిపోయింది, రెండింటిదే వాయువుగా బయటికొచ్చింది. చూపుతో పోల్చి చేసేటప్పుడు పిల్లలు తికమక పడేది సరిగ్గా ఇక్కడే. భిన్నం వస్తే ముందు చేసినట్టే గుణించుకోండి.

తుల్యమైనంత మాత్రాన చర్య జరగదు

ఈ ముక్క చాలామంది చెప్పరు. రాగి సంకేతం సీయూ, ఇనుముది ఎఫ్ఈ. ఇవి చూడండి:

సీయూ + ఎఫ్ఈఎస్ఓ₄ → సీయూఎస్ఓ₄ + ఎఫ్ఈ
ఎఫ్ఈ + సీయూఎస్ఓ₄ → ఎఫ్ఈఎస్ఓ₄ + సీయూ

రెండూ తుల్యంగానే ఉన్నాయి. జరిగేది రెండోది మాత్రమే, ఎందుకంటే రాగి కంటే ఇనుముకు చర్యాశీలత ఎక్కువ. ఎరువుల దుకాణంలో దొరికే మైలుతుత్తాన్ని (అదే సీయూఎస్ఓ₄, కాపర్ సల్ఫేట్) గాజు గ్లాసు నీళ్లలో కరిగించి, గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు వేయండి. అరగంటకు మేకు మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తుంది, నీలం రంగు క్రమంగా వెలవెలబోతుంది. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గ్లాసును మళ్లీ వంటింట్లోకి తేవద్దు, చేతులు శుభ్రంగా కడుక్కోండి. పద్దు రాయడం మన చేతిలో ఉంది, చర్య జరుగుతుందా లేదా అన్నది పదార్థాల చేతిలో ఉంది.

ఈ మేకు చర్య రసాయన స్థానభ్రంశం. సున్నం కుండలోది రసాయన సంయోగం, బట్టీలోది రసాయన వియోగం. రెండు పదార్థాలు తమ భాగాలను మార్చుకుంటే ద్వంద్వ వియోగం. పేర్లకు ఇంతకు మించి భయపడనక్కర్లేదు.

మీరు చేసి చూడండి

జవాబులు వెంటనే ఇస్తున్నాను. చేత్తో కప్పి, చేసిన తరవాతే చూడండి.

ఇనుము తుప్పు పట్టడం, నీటి సంగతి పక్కన పెడితే: ఎఫ్ఈ + ఓ₂ → ఎఫ్ఈ₂ఓ₃. గుణకాలు 4, 3, 2.

రైలు పట్టాలను అతికే థెర్మిట్ చర్య: ఎఫ్ఈ₂ఓ₃ + ఏఎల్ → ఎఫ్ఈ + ఏఎల్₂ఓ₃. గుణకాలు 1, 2, 2, 1.

వరి ఆకులో కిరణజన్య సంయోగక్రియ: సీఓ₂ + హెచ్₂ఓ → సీ₆హెచ్₁₂ఓ₆ + ఓ₂. గుణకాలు 6, 6, 1, 6.

ప్రొపేన్ మండడం: సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ. గుణకాలు 1, 5, 3, 4.

చివరిది అటక మీది పాత రాగి బిందెది. దాని అంచున పట్టే పచ్చటి చిలుము:

సీయూ + ఓ₂ + సీఓ₂ + హెచ్₂ఓ → సీయూ₂(ఓహెచ్)₂సీఓ₃

చూడగానే గుండె గుభేలుమంటుంది. పట్టిక గీయండి. కుడి పక్క రాగి 2, కాబట్టి ఎడమ రాగి ముందు 2. కార్బన్ 1, 1. హైడ్రోజన్ 2, 2. ఇక ఆక్సిజన్: ఎడమ పక్క 2, 2, 1 కలిపి 5. కుడి పక్క బ్రాకెట్లో 2, కార్బొనేట్‌లో 3, కలిపి 5. రాగి ముందు పెట్టిన ఆ ఒక్క 2 తప్ప ఇంకేమీ మార్చాల్సిన పనే లేదు.